అంచనా చీటీ: మీ టిఫిన్ సెంటర్ గురించి మీకు తెలుసనుకున్నది సరిచూసుకునే పద్ధతి

టిఫిన్ సెంటర్ నడిపేవాళ్లను రోజుకు ఎంత మిగులుతుందని అడిగితే తడుముకోకుండా ఒక అంకె చెబుతారు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే మాత్రం కాసేపు ఆగుతారు. గల్లాపెట్టె బరువు చూసి, సౌండ్‌బాక్స్ ఎన్నిసార్లు మోగిందో గుర్తు చేసుకుని, పక్క సందులో హోటల్ ముందు ఉన్న జనంతో పోల్చుకుని కట్టిన అంకె అది. చాలా రోజులు దాంతోనే బండి నడుస్తుంది. అద్దె పెరిగినప్పుడో, మాస్టర్ మానేసినప్పుడో, పన్నుల శాఖ నుంచి కాగితం వచ్చినప్పుడో ఆ అంకె తప్పని తెలుస్తుంది.

దాన్ని ముందే సరిచూసుకోవడానికి 14 రోజులు, 200 పేజీల నోట్‌బుక్ ఒకటి, వంటింటి త్రాసు ఒకటి, గుప్పెడు చింతపిక్కలు చాలు. కర్రీ పాయింట్‌కైనా, కిరాణా కొట్టుకైనా పద్ధతి ఇదే. లెక్కలు కళ్లకు కట్టాలని ఇక్కడ టిఫిన్ సెంటర్‌నే తీసుకున్నాం. కింద వచ్చే ధరలు ఉదాహరణకు పెట్టినవి. వాటి స్థానంలో మీ ఊరి ధరలు వేసుకోండి.

లెక్కకు ముందు చీటీ

అందరూ దాటేసే మెట్టు ఇదే. నోట్‌బుక్ తెరవకముందే ఒక కాగితం మీద మీ అంచనాలు రాయండి. రోజుకు ఎన్ని ప్లేట్లు పోతాయి? ఏ టిఫిన్ ఎక్కువ అమ్ముడవుతుంది (ఎన్ని ప్లేట్లు), ఏది ఎక్కువ మిగులుస్తుంది (ప్లేటుకు ఎంత)? (ఈ రెండూ వేరు ప్రశ్నలు.) వసూళ్లలో నగదు ఎంత, ఫోన్ ఎంత? బయట ఉన్న అరువు ఎంత? రోజూ ఎన్ని కిలోలు పారేస్తున్నారు? చివరికి మీ చేతిలో పడేది ఎంత?

ఒక్కో ప్రశ్నకు ఒక అంకె రాసి, దాని పక్కనే 'ఇంతకు తగ్గదు, ఇంతకు మించదు' అని రెండు హద్దులు రాయండి. అసలు అంకె ఆ హద్దుల్లోనే ఉంటుందని పదికి తొమ్మిది పాళ్లు నమ్మకం ఉండాలి. తేదీ వేసి, మడిచి, మీ చేతికి సులువుగా అందని చోట పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర దాస్తే ఇంకా మంచిది.

ఇంత తతంగం ఎందుకంటే, లెక్క తేలాక మన బుర్ర పాత అంచనాను గుట్టుగా దిద్దేస్తుంది. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ బీజింగ్, మాస్కో వెళ్లేముందు, ఆ పర్యటనల్లో ఏం జరిగే అవకాశం ఎంత ఉందో పరిశోధకులు ఫిష్‌హాఫ్, బెయ్త్ కొందరు విద్యార్థులతో చెప్పించారు. పర్యటనలు ముగిశాక 'అప్పుడు మీరేం చెప్పారో గుర్తు చేసుకోండి' అన్నారు. నిజంగా జరిగినవాటికి తాము మొదట ఇచ్చినదానికంటే ఎక్కువ అవకాశం ఇచ్చినట్టు వాళ్లు గుర్తు తెచ్చుకున్నారు. 1975లో అచ్చయిన ఆ ఫలితం మన గల్లా దగ్గరా వర్తిస్తుంది. 'నేను ముందే అనుకున్నాను' అనకుండా మనల్ని ఆపేది ఆ చీటీ ఒక్కటే.

14 రోజులు ఏం లెక్కపెట్టాలి

14 రోజులు ఎందుకంటే వారంలోని ప్రతి రోజూ రెండుసార్లు వస్తుంది. శనివారం ఒంటిపూట ఉండేవాళ్లు రాత్రికి టిఫినే తింటారు కాబట్టి ఆ సాయంత్రం లెక్క వేరు, ఆదివారం ఉదయం లెక్క వేరు. దసరా, సంక్రాంతి వారాల్లో మొదలుపెట్టకండి. ఆ అంకెలు ఏడాది మొత్తానికి సరిపోవు.

ప్లేట్ల లెక్కకు బిల్లింగ్ మెషిన్ లేకపోయినా ఫర్వాలేదు. ఇడ్లీకి ఒకటి, దోశకు ఒకటి, వడ, పూరీలకు ఒకటి చొప్పున మూడు డబ్బాలు గల్లా పక్కన పెట్టండి. ప్లేటు వెళ్లినప్పుడల్లా ఆ డబ్బాలో ఒక చింతపిక్క వేయాలి. ఎనిమిదింటి నుంచి తొమ్మిదిన్నర దాకా రద్దీలో పిక్కలు వేయడం మరిచిపోతారు, అది ఖాయం. అందుకని రెండో లెక్క కూడా ఉంచుకోండి: ఇడ్లీ ఎన్ని వాయిలు దించారో గోడ మీద గీతలు గీయించండి. వాయికి ఎన్ని ఇడ్లీలో తెలుసు కాబట్టి, పిక్కల లెక్కకూ వాయిల లెక్కకూ తేడా ఎంతో సాయంత్రానికి దొరుకుతుంది. పదో వంతు లోపు తేడా ఉంటే వదిలేయండి. అంతకు మించితే పిక్కలు మరిచిపోయారా, ఇడ్లీలు లెక్కలోకి రాకుండా వెళ్లాయా అని చూడాలి. ఇంట్లోవాళ్లు తిన్నవి, పనివాళ్లు తిన్నవి, ఎదురు షాపు స్నేహితుడికి ఊరికే ఇచ్చినవి, అన్నిటికీ పిక్క పడాల్సిందే.

గల్లా లెక్క ఒక్క వరుసలో రాయొచ్చు: ఉదయం పెట్టిన చిల్లర, దానికి నగదు అమ్మకం కలిపి, గల్లాలోంచి తీసింది తీసేస్తే, రాత్రి ఉండాల్సిన నగదు. చెడేదంతా 'తీసింది' దగ్గరే. కొత్తిమీర కట్టకు 20, ఆటోకు 60, పిల్లాడి పెన్సిళ్లకు 30. ఇవేవీ ఖర్చులా అనిపించవు. గల్లా పక్కన గోడకు ఒక మేకు కొట్టి, డబ్బు బయటికి రావాలంటే ముందు మేకుకు ఒక చీటీ గుచ్చాలని నియమం పెట్టండి. నియమం ఓనర్‌కు కూడా వర్తించాలి. ఓనర్ గుచ్చకపోతే మూడో రోజుకల్లా ఎవరూ గుచ్చరు.

ఫోన్‌లో పడిన డబ్బుకు, మీ సొంత డబ్బులు తిరిగే ఖాతాకు లంకె ఉంటే ఈ 14 రోజుల కోసమైనా విడదీయండి. బావమరిది తిరిగిచ్చిన అప్పు, చీటీ పాట సొమ్ము, అమ్మకం అన్నీ ఒకే ఖాతాలో పడితే నెలాఖరున మీరే విడదీయలేరు. సౌండ్‌బాక్స్ మోగిందని నమ్మి ఊరుకోకుండా రాత్రి యాప్‌లో ఆ రోజు మొత్తం చూసి రాసుకోండి. రద్దీలో స్క్రీన్‌షాట్ చూపించి వెళ్లిపోయినవాళ్లు ఆ మొత్తంలో కనిపించరు. యూపీఐ వసూళ్ల మీద వ్యాపారికి కమీషన్ లేకుండా 2020 జనవరి నుంచి నిబంధన ఉంది. బాక్స్ అద్దె మాత్రం వేరు. మీకు ఎంత కట్ అవుతోందో స్టేట్‌మెంట్‌లో చూసి ఖర్చుల్లో రాయండి.

ప్లేటు ఇడ్లీని విప్పి చూస్తే

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. గైడ్ మొత్తంలో విలువైన గంట ఇదే.

కిలో మినపగుళ్లు, రెండు కిలోల ఇడ్లీ రవ్వ. గుళ్లు 130, రవ్వ కిలో 50 చొప్పున 100, ఉప్పు, రేకులకు రాసే నూనె 10. మొత్తం 240. దీనికి సైజును బట్టి 140 నుంచి 160 దాకా ఇడ్లీలు వస్తాయి. 140 అనుకుందాం, అంటే నాలుగేసి చొప్పున 35 ప్లేట్లు. ప్లేటుకు పిండి ఖర్చు సుమారు 6 రూపాయల 90 పైసలు.

ఇప్పుడు పల్లీ చట్నీ. కిలో పల్లీలు 150. పుట్నాలపప్పు, మిర్చి, చింతపండు, పోపు కలిపి 70. నీళ్లు కలిపాక 5 లీటర్లు అయిందనుకోండి. గరిటెను కొలగ్లాసులో వంచి చూడండి, ఎంత పడుతుందో చాలామందికి తెలియదు. 80 మిల్లీలీటర్లయితే 5 లీటర్లకు అటూ ఇటూగా 60 గరిటెలు, గరిటె 3 రూపాయల 70 పైసలు. కానీ ఒక్క గరిటెతో ఎవరు ఊరుకుంటారు? సగటున రెండు వేస్తే 7 రూపాయల 40 పైసలు.

అంటే ఈ ప్లేటులో ఖరీదైనది ఇడ్లీ కాదు, చట్నీ. మినప్పప్పు ధర పది రూపాయలు పెరిగితే కంగారుపడతాం, గరిటె సైజు మాత్రం హోటల్ తెరిచిన రోజు కొన్నదే నడుస్తుంటుంది.

సాంబారుకు 3 వేయండి. 19 కిలోల సిలిండర్ 1,900 అనుకుని, అది మూడు రోజులు వచ్చి ఆ మూడు రోజుల్లో 540 ప్లేట్లు పోతే ప్లేటుకు మూడున్నర. సిలిండర్ మార్చిన రోజు తేదీ దాని మీదే సుద్దముక్కతో రాస్తే ఈ లెక్క దానంతటదే దొరుకుతుంది. ఇప్పటిదాకా 20 రూపాయల 80 పైసలు. ఇది ప్లేటు పెరిగితే పెరిగే ఖర్చు.

ప్లేటు పోయినా పోకపోయినా పడే ఖర్చు వేరే ఉంది: అద్దె 13,000, కరెంటు, నీళ్లు 3,900, మాస్టర్‌కు రోజుకు 800, హెల్పర్‌కు 500. వారానికో రోజు సెలవైతే నెలకు 26 రోజులే తెరిచినట్టు. అద్దెను 30తో భాగించడం మామూలుగా జరిగే తప్పు, 26తోనే భాగించాలి. అప్పుడు అద్దె రోజుకు 500, కరెంటు, నీళ్లు 150, కూలి 1,300, మొత్తం 1,950. రోజుకు 180 ప్లేట్లయితే ప్లేటుకు 10 రూపాయల 80 పైసలు. (అన్నీ ఇడ్లీ ప్లేట్లే అన్నట్టు లెక్క సులువు చేశాం. దోశకు, పూరీకి నూనె ఖర్చు కలిపి విడివిడిగా కట్టుకోండి.)

మొత్తం ఖర్చు 31 రూపాయల 60 పైసలు, అమ్మేది 40. ప్లేటుకు మిగిలేది 8 రూపాయల 40 పైసలు, రోజుకు 1,510 దాకా. చీటీలో చాలామంది రాసే అంకె దీనికి దగ్గరగానే ఉండొచ్చు. కానీ తెల్లవారుజామున నాలుగింటికి లేచి పిండి చూసే ఓనర్, చట్నీలు రుబ్బి గల్లాలో కూర్చునే ఆయన భార్య, ఈ ఇద్దరి కూలి ఇందులో ఎక్కడుంది? వాళ్ల స్థానంలో మనుషులను పెడితే 800, 500 ఇవ్వాలి. 1,300 తీసేస్తే మిగిలేది 210. ఈ హోటల్ ఇద్దరికి కూలి ఇస్తోంది, వ్యాపారానికి 210 ఇస్తోంది. అది తప్పేం కాదు, బతుకుతెరువు. అయితే రెండో బ్రాంచి పెడితే లాభం రెండింతలవుతుందన్న ఊహ ఈ అంకె ముందు నిలవదు, ఎందుకంటే రెండో బ్రాంచిలో ఆ ఇద్దరూ ఉండరు.

ధర మీద ఉన్న భయాన్ని కొలవడం

'ఐదు రూపాయలు పెంచితే జనం రారు' అన్న మాటను అంకెలోకి మార్చండి. 40కి అమ్మితే ప్లేటుకు 20.80 పోను 19.20 అద్దెకు, కూలికి మిగులుతుంది. 180 ప్లేట్ల మీద 3,456. 45 చేస్తే ప్లేటుకు 24.20. అదే 3,456 రావడానికి 143 ప్లేట్లు చాలు. అంటే రోజుకు 37 ప్లేట్లు తగ్గేదాకా మీకు నష్టం లేదు. అప్పుడు అడగాల్సిన ప్రశ్న 'జనం రారా?' అని కాదు, '37 మంది మానేస్తారా?' అని. అదే పోటీకి 35 చేస్తే, ఇప్పుడున్న మిగులు నిలవడానికి 244 ప్లేట్లు అమ్మాలి. ఇంకో 64 ప్లేట్లకు మీ పెనం, మీ బల్లలు, మీ మాస్టర్ భుజం సరిపోతాయో లేదో కూడా చూసుకోండి.

యాప్ ఆర్డర్ల సంగతి

డెలివరీ యాప్‌లో ఫోన్ మోగితే వ్యాపారం పెరిగినట్టే అనిపిస్తుంది. సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్ తెరిచి ఒకే ఒక్క ఆర్డర్ తీసుకుని కట్టండి. ఉదాహరణకు 100 రూపాయల ఆర్డర్: కమీషన్ 22, దాని మీద 18 శాతం జీఎస్టీ సుమారు 4, డబ్బాలు, కవర్లు 8, మీ వైపు నుంచి ఇచ్చిన ఆఫర్ 10. మీకు మిగిలింది 56. సరుకు, గ్యాస్ పైలెక్క ప్రకారం (40కి 20.80 చొప్పున) 52. చేతిలో 4.

నాలుగైనా నాలుగే కదా అనొచ్చు. పదకొండింటికి పెనం ఖాళీగా ఉన్నప్పుడు నిజమే, తీసుకోండి. ఎనిమిదిన్నరకు బల్ల దగ్గర నిలబడ్డవాళ్ల దోశ ఆగి యాప్ దోశ ముందు వెళితే, ఆ నాలుగు కోసం బల్ల దగ్గర ప్లేటుకు మిగిలే పందొమ్మిది వదులుకున్నట్టు. రద్దీ వేళల్లో యాప్ ఆపేసి వారం చూడండి. యాప్‌లో మీ వరుస కిందికి పోతుందన్న భయం ఉంటుంది, అది నిజంగా ఎంత తగ్గిందో కూడా రాసుకోండి.

'మనది చిన్న హోటలే' అన్న నమ్మకం

రోజుకు 180 ప్లేట్లు, 40 చొప్పున 7,200; నెలకు 26 రోజులు, 12 నెలలు: 22,46,400. టిఫిన్ సెంటర్ జీఎస్టీ లెక్కలో సేవ కిందకు వస్తుంది, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ రిజిస్ట్రేషన్ హద్దు ఏడాదికి 20 లక్షలు. కిరాణా వంటి సరుకు అమ్మకానికి ఆంధ్రలో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలే. ఈ తేడా తెలియక పక్క రాష్ట్రంలోని బంధువు చెప్పిన హద్దు నమ్మేవాళ్లున్నారు. కాబట్టి మన ఉదాహరణలోని హోటల్ హద్దు దాటేసింది. చిన్న వ్యాపారుల కోసం ఉన్న కాంపోజిషన్ పథకంలో చేరితే హోటల్‌కు టర్నోవర్ (మొత్తం అమ్మకం) మీద 5 శాతం పన్ను, దాన్ని కస్టమర్ దగ్గర విడిగా వసూలు చేయకూడదు. ప్లేటుకు 2, రోజుకు 360. మిగిలిన 210 కంటే ఎక్కువ. మామూలు పద్ధతా, కాంపోజిషనా అన్నది ఈ లెక్కలు పట్టుకెళ్లి ఆడిటర్ దగ్గర కూర్చుని తేల్చుకోండి, కానీ ధర నిర్ణయించేముందే తేల్చుకోండి.

2025 జులైలో బెంగళూరులో యూపీఐ వసూళ్లు చూసి చిన్న వ్యాపారులకు పన్ను నోటీసులు వెళ్లినప్పుడు చాలామంది క్యూఆర్ కోడ్‌లు పీకేసి 'నగదు మాత్రమే' అని కాగితాలు అంటించారు. హద్దు లెక్కలో నగదూ ఉంటుంది కాబట్టి కోడ్ పీకినందువల్ల టర్నోవర్ తగ్గదు.

మీ గురించి మీకు చెప్పేవి

'టిఫిన్ బాగుందా?' అని అడిగితే మన దగ్గర ఎవరూ మొహం మీద బాగోలేదని చెప్పరు. ఆ ప్రశ్న మానేయండి. 'నిన్న కనబడలేదే, ఎక్కడ తిన్నారు?', 'పార్శిల్ ఇంటికెళ్లేసరికి చట్నీ కారిందా?' అని జరిగినదాని గురించి అడిగితే జరిగినదే చెబుతారు. హెల్పర్‌ను అడగాలంటే 'హోటల్ నీదే అయితే రేపు పొద్దున ముందు ఏం మారుస్తావు?' అనండి. కూలి చేతిలో పెట్టాక అడగండి, పెట్టకముందు అడిగితే మీకు నచ్చే జవాబే వస్తుంది.

కస్టమర్ కంటే నిజాయితీగా మాట్లాడేది ఎంగిలి ప్లేట్ల బకెట్. వారం పాటు బకెట్‌ను రెండుగా విడదీసి, తినగా మిగిలిన ఇడ్లీ, దోశ ఒకదాంట్లో, చట్నీ ఇంకోదాంట్లో వేయించి, మధ్యాహ్నం త్రాసు మీద పెట్టండి. ప్లేటుకు వేసే చట్నీలో పావు వంతు బకెట్‌లోకి పోతోందని తేలిందనుకోండి. అప్పుడు రెండోసారి వేయడం ఆపకండి. చట్నీకి రేషన్ పెట్టిన హోటల్ పేరు ఊరంతా పాకుతుంది. 80 మిల్లీలీటర్ల గరిటె తీసేసి 60ది పెట్టి, అడగకముందే రెండోసారి వేయించండి. ప్లేటుకు 1 రూపాయి 85 పైసలు, 180 ప్లేట్ల మీద రోజుకు 333 ఆదా. ఎవరి ప్లేటూ తగ్గలేదు, బకెట్ తగ్గింది. బకెట్‌లో చట్నీ లేకపోతే మాత్రం గరిటె జోలికి వెళ్లకండి, అది తినే నోటి దగ్గర కోత అవుతుంది.

ఇంకోటి కష్టమైనది. మంచి రద్దీలో, ఎనిమిదింబావు నుంచి ఎనిమిదీముప్పావు దాకా, గల్లా వేరేవాళ్లకిచ్చి రోడ్డు అవతలికి వెళ్లి నిలబడండి. వచ్చి, జనాన్ని చూసి, తినకుండా తిరిగి వెళ్లినవాళ్లను లెక్కపెట్టండి. లోపల కూర్చున్నంత కాలం వాళ్లు మీకు కనబడరు, ఏ నోట్‌బుక్‌లోనూ పడరు. మొదటి ఐదు నిమిషాలు చేతులు ఊరుకోవు, అటు పరిగెత్తాలనిపిస్తుంది. పరిగెత్తకండి. 'నేను లేకపోతే ఒక్క నిమిషం నడవదు' అన్నదీ చీటీలో రాయాల్సిన అంచనాయే, ఆ అరగంటలో అదీ తేలుతుంది.

చీటీ విప్పే రోజు

పదిహేనో రోజు, హోటల్ కడిగాక, చీటీ తెచ్చి నోట్‌బుక్ పక్కన పెట్టండి. మీరు వేసిన హద్దుల్లో పడినవి ఎన్నో టిక్ పెట్టండి. ఏడు ప్రశ్నల్లో ఆరు పడాలి. మూడే పడితే మీకు తెలిసింది తక్కువని కాదు, మీరు హద్దులు మరీ ఇరుగ్గా వేస్తున్నారని. తర్వాత తప్పులు ఎటు మొగ్గాయో చూడండి. అమ్మకం ఎక్కువగా, పారేసింది తక్కువగా, అరువు తక్కువగా ఊహించడం మామూలు. మీ మొగ్గు ఎటో తెలిస్తే, రేపు కొత్త ఫ్రిజ్ కొనేటప్పుడు 'దీనివల్ల రోజుకు వెయ్యి పెరుగుతుంది' అని మీరే చెప్పుకునే మాటకు ఎంత తరుగు వేయాలో తెలుస్తుంది.

మార్పు ఒక్కటే చేయండి. గరిటె, ధర, యాప్ మూడూ ఒకే వారం మారిస్తే ఏది పని చేసిందో ఎవరూ చెప్పలేరు. సోమవారాన్ని సోమవారంతోనే పోల్చండి. మార్పు మొదలుపెట్టే ముందు రోజు రాత్రి, ఫలితం ఎంత ఉంటుందో ఇంకో చీటీ రాసి, పాతదాంతో కలిపి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టండి. టిఫిన్ సెంటర్‌లో కాగితం నూనె తాగకుండా రెండు వారాలు ఉండదు.